చిత్తడి లేని పాయా లేబర్

మలయ్ భాషలో 'పాయా' అంటే చిత్తడి నేల, 'లెబార్' అంటే వెడల్పైనది. సింగపూర్ తూర్పు భాగంలో రెండు మెట్రో మార్గాలు కలిసే పాయా లేబర్ స్టేషన్ పేరుకు ఉన్న అర్థం ఇంతే: విశాలమైన చిత్తడి. స్టేషన్ మెట్లెక్కి పైకి వచ్చి చూస్తే చిత్తడి జాడ కనబడదు. 2019లో తెరుచుకున్న పాయా లేబర్ క్వార్టర్ అద్దాల భవనాలు, వాటి కింద దుకాణాలు, కొద్ది దూరంలో గట్ల మధ్య ఒదిగి పారే గేలాంగ్ ఏరు కనబడతాయి.

ఈ పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్న కొత్తలో ఫోనులో పేరు చెబితే మా అమ్మ వెంటనే అడిగింది: "అదేమిట్రా, లేబరు వాళ్ళుండే పేటా?" నవ్వి, అది ఇంగ్లీషు మాట కాదనీ, మలయ్ పేరనీ సర్దిచెప్పాను. కాని ఆ ప్రశ్న అడిగేందుకు వీలు కల్పించింది మన రాతే. రోమన్ లిపిలోని స్పెల్లింగును చూసి, మనకు ముందే తెలిసిన మాటను అందులో వినిపించుకుని, 'లేబర్' అని దీర్ఘం పెట్టి రాస్తున్నాం. 'పాయా' కూడా తెలుగు చెవికి నదీపాయను గుర్తుచేస్తుంది. చీనా భాషవాళ్ళూ ఇదే పని చేశారు. ధ్వనికి దగ్గరగా ఉన్న నాలుగు అక్షరాలతో 'బా యె లీ బా' అని రాసుకున్నారు. ఆ అక్షరాల్లో చిత్తడి అనే అర్థం లేదు. అంటే ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేకుండానే ఈ చోటుకు కనీసం రెండుసార్లు నామకరణం జరిగింది.

పేర్ల మార్పు గురించి మన దగ్గర జరిగే చర్చ సాధారణంగా కొత్త పేరు మంచిదా, కాదా అన్న చోట మొదలై అక్కడే ముగుస్తుంది. ఎవరి పేరు పెట్టారు, ఆ వ్యక్తి అర్హుడా, ఆ పదం శుద్ధమా అన్నవే ప్రశ్నలు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. కొత్త పేరు వచ్చాక పాత పేరు ఏమవుతుంది? దాని దగ్గరకు మళ్ళీ వెళ్ళే దారి మిగులుతుందా? ఈ కొలతతో సింగపూర్‌లోని కొన్ని పేర్లనూ, మన ఊళ్ళలోని కొన్ని పేర్లనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జారిన పేర్లు

ముందుగా పాయా లేబర్‌నే చూద్దాం. 1955లో ఇక్కడ పౌర విమానాశ్రయం ప్రారంభమైంది. అంతకు ముందు 1937 నుంచి ఉన్న కల్లాంగ్ విమానాశ్రయం చాలక ఇది కట్టారు. 1981లో చాంగీ విమానాశ్రయం తెరవడంతో పాయా లేబర్ పూర్తిగా వైమానిక దళపు స్థావరంగా మారింది. చిత్తడి పోయింది, దాని మీద కట్టిన పౌర విమానాశ్రయం కూడా పోయింది, పేరు మాత్రం నిలిచింది. పైగా అది కొంత జారింది కూడా. నేటి పట్టణ ప్రణాళికా పటంలో 'పాయా లేబర్' అనే ప్రాంతంలో ప్రధానంగా ఉన్నది ఆ వైమానిక స్థావరం. జనం పాయా లేబర్ అని పిలిచే మెట్రో స్టేషన్, దాని చుట్టూ ఉన్న ఆఫీసులు అదే పటం ప్రకారం గేలాంగ్ ప్రాంతంలోకి వస్తాయి.

చుట్టుపక్కల పేర్లూ ఇలాంటివే. స్థావరం వైపు వెళ్ళే దారి పేరు నేటికీ ఎయిర్‌పోర్ట్ రోడ్డు. ప్రయాణికులెవరూ అక్కడ విమానం ఎక్కరు. మరోవైపు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఉంది. ఆ 'పాత' విమానాశ్రయం పాయా లేబర్ కాదు, అంతకంటే పాతదైన కల్లాంగ్. ఆ దారి దగ్గరి డకోటా అనే మెట్రో స్టేషన్ పేరు కల్లాంగ్‌లో దిగిన డకోటా విమానాలను గుర్తుచేస్తుంది. గేలాంగ్ సెరాయ్‌లోని 'సెరాయ్' నిమ్మగడ్డి. ఆ గడ్డి తోటలు ఎప్పుడో పోయాయి. పాత కట్టడాలను కూల్చి కొత్తవి కట్టడంలో పేరుమోసిన ఈ నగరం, ఈ నాలుగైదు మైళ్ళలో పేర్లను మాత్రం కూల్చలేదు. వాటిని వరుసగా చదివితే నేల చరిత్ర తెలుస్తుంది: గడ్డి, చిత్తడి, ఒక విమానాశ్రయం, దాని తరవాత మరొకటి.

పేరు అర్థం నేటి వాస్తవానికి సరిపోవడం లేదన్నది దాన్ని మార్చడానికి కారణం కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఉన్నదాన్ని వర్ణించడం మొదటి రోజున మాత్రమే పేరు చేసే పని. తరవాత అది చేసేది సాక్ష్యం చెప్పడం.

క్లింగ్ వీధి

కాని ఆ సాక్ష్యం ఎవరినైనా గాయపరిస్తే? ఇక్కడ తెలుగువాళ్ళకు నేరుగా సంబంధించిన ఉదాహరణ ఒకటుంది. సింగపూర్ వ్యాపార కేంద్రమైన రాఫెల్స్ ప్లేస్ పక్కన చూలియా స్ట్రీట్ అనే వీధి ఉంది. ఓసీబీసీ బ్యాంకు ప్రధాన భవనం ఆ వీధిలోనే. 1920ల ఆరంభం దాకా దాని పేరు క్లింగ్ స్ట్రీట్. 'క్లింగ్' అన్న మాట తమను కించపరుస్తోందని భారతీయులు అభ్యంతరం చెప్పడంతో పేరు మార్చారు.

'క్లింగ్', మలయ్‌లో 'కెలింగ్', ఎక్కడిది? ఖైదీల కాలి సంకెళ్ళ చప్పుడు నుంచి వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. 1825 నుంచి 1873 దాకా భారతదేశపు ఖైదీలను సింగపూర్‌లో ఉంచి రోడ్లూ భవనాలూ కట్టించారన్నది నిజమే. కాని మాట అంతకంటే చాలా పాతది. పదహారో శతాబ్దపు తొలి ఏళ్ళలో మలక్కాలో ఉన్న పోర్చుగీసు ఔషధ నిపుణుడు తొమే పిరెస్ రాతల్లోనే అది వర్తకుల పేరుగా కనిపిస్తుంది. మలయ్ రాజుల చరిత్ర 'సెజారా మెలాయు'లో దక్షిణ భారతం కెలింగ్ దేశం. 1886లో అచ్చైన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు దీని మూలం కళింగమేనని చెబుతుంది. ముఖలింగం, కళింగపట్నం ఉన్న కళింగం. తెలుగునాడు ఉత్తరపు అంచు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కెలింగ్ అంటే తెలుగువాళ్ళని కాదు. మలయ్ వాడుకలో ఆ మాట దక్షిణ భారతీయులందరికీ, ముఖ్యంగా తమిళులకు వర్తించింది. 1511లో పోర్చుగీసువాళ్ళు మలక్కాను పట్టుకున్నాక అక్కడి కెలింగులకు అధిపతిగా నియమించిన నీనా చాటూ కూడా తమిళ వర్తకుడనే చరిత్రకారులు భావిస్తారు. ఒక తీరం పేరు ఆ దిక్కు నుంచి వచ్చిన వాళ్ళందరికీ అంటుకుంది. కనుక ఈ మాట మనదేనని సొంతం చేసుకోవడం చరిత్ర అనిపించుకోదు. అందులో మన తీరం పేరు ఉందని గుర్తించడం వరకే న్యాయం.

నీనా చాటూ కాలంలో కెలింగ్ అంటే ఓడలూ సొమ్మూ ఉన్నవాడు. పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆ పేరు మోసినవాళ్ళలో ఖైదీలూ, రేవు కూలీలూ, తోటల కూలీలూ ఎక్కువయ్యారు. మాట అదే, దాన్ని పలికే గొంతు మారింది. కూలీని చులకన చేసే సమాజంలో కూలీ జాతిని సూచించే ఏ మాటైనా తిట్టుగానే మారుతుంది. మన ప్రాంతపు వాళ్ళకు బర్మాలో అంటుకున్న 'కోరంగి' అనే పేరూ అలాంటిదే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. ఒక రేవు పేరులో అవమానం ఎక్కడుంది? ఆ రేవున ఓడెక్కినవాళ్ళ పేదరికాన్ని చూసి మాట్లాడినవాళ్ళ నోట్లో ఉంది.

అందుకని క్లింగ్ స్ట్రీట్ పేరు మార్చడం తప్పని అనను. తిట్టును రోజూ తమ చిరునామాగా రాసుకోవలసినవాళ్ళకు దాన్ని తీసేయమని అడిగే హక్కు ఉంటుంది. వ్యుత్పత్తి పాఠం చెప్పి వాళ్ళ నోరు మూయించడం పండితుల క్రూరత్వం. నా అభ్యంతరం ఎంచుకున్న మాట మీద. 'చూలియా' అన్నది ప్రధానంగా తమిళ ముస్లిం వర్తకులకు వాడిన పేరు. దాన్ని చోళ శబ్దంతో ముడిపెట్టే వ్యుత్పత్తి ఒకటి ప్రచారంలో ఉంది. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని జామె మసీదుకు చూలియా మసీదని కూడా పేరు. అది గౌరవమైన పేరే. కాని అందరికీ వర్తించిన మాటను తీసి కొందరికి చెందిన మాటను పెట్టారు. కళింగం పోయిన చోట చోళం వచ్చిందన్న వ్యుత్పత్తి నిజమైతే, ఒక తీరం జ్ఞాపకం మీద మరో తీరం జ్ఞాపకం పరిచినట్టయింది. నేడు ఆ వీధిలో నడిచే ఆఫీసు ఉద్యోగికి, అతడు శ్రీకాకుళం నుంచి వచ్చినవాడైనా సరే, పాత పేరు సంగతి చెప్పేదేదీ 'చూలియా' అన్న పేరులో లేదు.

ఇదే మాట పొరుగు దేశంలో మరోలా బతికింది. మలక్కాలో 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు అదే పేరుతో ఉంది. పినాంగ్‌లో బ్రిటిష్ కాలపు పిట్ స్ట్రీట్ పేరు తీసేసి, అక్కడున్న మసీదు పేరు మీదుగా 'జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్' అని పెట్టారు. సింగపూర్‌లో తొలగించవలసి వచ్చిన మాటను పినాంగ్‌లో కొత్తగా బోర్డుకెక్కించారు. కపితాన్ అన్న పదవి పక్కన నిలబడగానే కెలింగ్‌కు పాత గౌరవం కొంత తిరిగి వచ్చింది. అలాగని మలేసియాలో ఆ మాట తిట్టుగా ఆగిపోయిందనీ కాదు. ఒకే మాట ఒకే ఊళ్ళో రెండు రకాలుగా బతకగలదు. బోర్డు మార్చినంత మాత్రాన నోరు మారదనడానికీ, బోర్డు ఉంచినంత మాత్రాన అవమానం నిలవదనడానికీ ఇది నిదర్శనం.

నిజానికి సింగపూర్ పటంలోనూ ఈ మాట పూర్తిగా పోలేదు. పడమటి కొసన జురాంగ్ పారిశ్రామిక ప్రాంతంలో తంజోంగ్ క్లింగ్ అనే చోటు ఉంది. 'తంజోంగ్' అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల. 2018లో ఫేస్‌బుక్ ఆసియాలో తన మొదటి డేటా కేంద్రాన్ని అక్కడ కడుతున్నట్టు ప్రకటించింది. ప్రపంచమంతా ఉన్న తెలుగువాళ్ళు పంచుకునే పెళ్ళి ఫొటోల్లో కొన్నయినా ఈ కళింగపు ముక్కు మీద నిలవ ఉంటాయని ఊహించుకోవచ్చు. జనం నివసించని చోటు కనుక ఆ పేరు ఎవరి చిరునామా కాలేదు, ఎవరినీ బాధించలేదు, అందుకే మిగిలింది కాబోలు.

నోరు ఒప్పుకోని పేర్లు

క్లింగ్ స్ట్రీట్ పేరు మార్పును కోరింది ఆ పేరు మోసినవాళ్ళు. కోరింది ఆఫీసు అయినప్పుడు ఏమవుతుందో చూడడానికి లిటిల్ ఇండియాలోని టెక్కా బజారు దగ్గరి ఉదాహరణ. సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉన్న ఆ చోటుకు మలయ్‌లో కందాంగ్ కెర్బావ్ అని పేరు, అంటే గేదెల దొడ్డి. పక్కనున్న బఫెలో రోడ్డు, కెర్బావ్ రోడ్డు ఆ దొడ్ల గుర్తులు. చీనావాళ్ళు తమ హొక్కియన్ పలుకుబడిలో 'టెక్ కా' అన్నారు, అంటే వెదురు పొదల మొదలు. తమిళులూ, తెలుగువాళ్ళూ, మలయ్‌లూ అందరూ టెక్కా అనే పిలిచారు.

1979లో ప్రభుత్వం మాండలికాల బదులు మాండరిన్ మాట్లాడమనే ఉద్యమం మొదలుపెట్టింది. ఆ ఊపులో చీనా పేర్లను మాండరిన్ ఉచ్చారణలోకి మార్చారు. 1982లో తెరిచిన కొత్త బజారు భవనానికి టెక్కా అక్షరాలనే మాండరిన్‌లో చదివి 'జూజ్యావ్' అని పేరుపెట్టారు. అర్థం మారలేదు, అక్షరాలు మారలేదు. పలికే తీరు ఒక్కటే మారింది. కాని చేపలూ మాంసమూ కొనడానికి వచ్చే భారతీయులకూ మలయ్‌లకూ ఆ మాట నోరు తిరగలేదు. మాండలికంలో టెక్కా అనడానికే అలవాటు పడిన చీనావాళ్ళకూ అది పరాయిదే అయింది. చివరికి 2000లో భవనానికి టెక్కా సెంటర్ అని పేరు తిరిగి పెట్టారు. భాషావేత్త దృష్టిలో శుద్ధమైన రూపం, బజారులో పద్దెనిమిదేళ్ళ పాటు బోర్డుకే పరిమితమైంది.

అదే ఉద్యమంలో పాయా లేబర్‌కు ఉత్తరాన ఉన్న ఔ కాంగ్ హౌగాంగ్ అయింది. లిమ్ నీ సూన్ అనే వ్యాపారి పేరున్న నీ సూన్ యీషున్ అయింది. ఈ పేర్లు మాత్రం నిలబడ్డాయి, ఎందుకంటే అక్కడ పెద్ద కొత్త పట్టణాలు కట్టారు. వేల కుటుంబాలు ఆ పేర్లతోనే వచ్చి చేరాయి. వాళ్ళకు అదే మొదటి పేరు. పాత జ్ఞాపకం ఉన్నవాళ్ళ కంటే లేనివాళ్ళు ఎక్కువైన చోట ఏ కొత్త పేరైనా నిలుస్తుంది. 1936లో చనిపోయిన ఆ వ్యాపారి పేరు తను ఎన్నడూ పలకని ఉచ్చారణలోకి మారిందన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం.

విజేత పెట్టే పేరు సంగతి ఇంకొకటి. 1942 ఫిబ్రవరిలో జపాను సైన్యం ఈ ద్వీపాన్ని పట్టుకుని 'స్యోనాన్' అని పేరు మార్చింది, అంటే దక్షిణపు వెలుగు. పేరు మూడున్నరేళ్ళు బతికింది. 2017 ఫిబ్రవరిలో పాత ఫోర్డ్ కర్మాగారంలోని ప్రదర్శనశాలకు స్యోనాన్ గ్యాలరీ అని పేరు పెడితే ప్రజలు తీవ్రంగా అభ్యంతరపెట్టారు. రెండు రోజుల్లో ఆ పేరు తీసేసి, జపాను ఆక్రమణను తట్టుకుని బతకడం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చరిత్రను గుర్తుచేయడమే ఉద్దేశమని అధికారులు అనుకున్నారు. ప్రజలకది గౌరవించడంలా కనబడింది. ప్రదర్శనశాల లోపల స్యోనాన్ అన్న మాట సాక్ష్యం. గుమ్మం మీద అదే మాట బిరుదు. పాత పేరును దాచుకోవాలంటే ఏ చోట దాచుకోవాలన్న ప్రశ్న కూడా ఉందని ఈ సంఘటన చెబుతుంది.

మన ఇంటి పేర్లు

ఈ కొలతను మన ఊళ్ళకు తీసుకువద్దాం. 2005లో కడప ఇంగ్లీషు స్పెల్లింగును మార్చారు. తెలుగులో అది ఎప్పుడూ కడపే. బోర్డుకూ నోటికీ ఉన్న దూరాన్ని తగ్గించిన మార్పు అది. ఎవరి జ్ఞాపకాన్నీ చెరపలేదు. 2015లో రాజమండ్రిని అధికారికంగా రాజమహేంద్రవరం చేశారు. ఇది చారిత్రక నామ పునరుద్ధరణ అన్నారు. నిజమే, తూర్పు చాళుక్యుల రాజమహేంద్ర బిరుదు అందులో ఉంది. కాని రాజమండ్రి అన్నది ఇంగ్లీషువాళ్ళు పాడుచేసిన రూపమా? తెలుగు నోట తరతరాలుగా నలిగి అరిగిన రూపం అది. తెల్లవాళ్ళు రాసుకున్నది ఆ అరిగిన రూపాన్నే. వలస పాలన గుర్తును తుడిచేస్తున్నామనుకుని మన తాతముత్తాతల పలుకుబడినే తప్పు కింద కొట్టేశాం. అదృష్టవశాత్తూ బస్సు కండక్టర్లు ఇంకా రాజమండ్రి అనే కేకేస్తున్నారు.

విజయవాడలో 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం స్థాపించారు. తరవాత దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022లో ఆ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరుకు మార్చారు. ఇద్దరిలో ఎవరి అర్హత ఎంతన్న చర్చలోకి నేను వెళ్ళను. ఒక ప్రభుత్వం పెట్టిన పేరును ఇంకో ప్రభుత్వం తీసేయగలిగితే, అది ఆ సంస్థ పేరుగా కాక పదవిలో ఉన్నవాళ్ళ ముద్రగా మిగులుతుంది. మధ్యలో పట్టాలు పుచ్చుకుని విదేశాలకు వెళ్ళిన వైద్యులు ప్రతి దరఖాస్తులోనూ 'ఈ రెండూ ఒకే విశ్వవిద్యాలయం' అని వివరించుకోవలసిందే.

ఇందుకు భిన్నంగా జరిగిన మార్పు ఒకటి మన ప్రవాసులదే. 1955లో మలయాలో తోటల కూలీల బిడ్డలూ, ఉద్యోగులూ కలిసి స్థాపించుకున్న సంఘం పేరు మలయా ఆంధ్ర సంఘం. తరవాత అది మలేసియా తెలుగు సంఘం అయింది. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం మొదటి నుంచీ భాష పేరే పెట్టుకుంది. తరాలు గడిచాక ఆంధ్ర అనే చోటుతో చాలామందికి నేరుగా సంబంధం లేదు, తెలుగు అనే భాషతో ఎంతో కొంత ఉంది. తమ పేరును తామే, తమ అనుభవానికి తగినట్టు మార్చుకున్నారు. ఆంధ్ర అన్న పాత మాటను వాళ్ళు దాచిపెట్టలేదు. సంఘం చరిత్రలో మొదటి వాక్యం అదే.

ఒక కొలత

ఇన్ని ఉదాహరణల నుంచి తేలేది మూడు ప్రశ్నలు. మార్పును కోరింది ఆ పేరు మోసేవాళ్ళా, పైనున్నవాళ్ళా? కొత్త పేరును నోళ్ళు అంగీకరించాయా? పాత పేరుకు దారి మిగిలిందా? జూజ్యావ్ మొదటి రెండింట్లో ఓడింది. రాజమహేంద్రవరం రెండోదాంట్లో ఇంకా పరీక్ష రాస్తోంది. క్లింగ్ స్ట్రీట్ మొదటి రెండింట్లో గెలిచి మూడోదాంట్లో ఓడింది. అందుకే అది నన్ను ఎక్కువగా బాధిస్తుంది. అక్కడ అన్యాయం చేసినవాళ్ళు లేరు. న్యాయమైన కోరిక తీరింది, దాంతోపాటు ఒక ఋజువు పోయింది. మన పూర్వీకులను ఇక్కడ ఏమని పిలిచేవారో, ఎందుకు ఆ పిలుపు చేదైపోయిందో చెప్పే ఋజువు అది. అవమానాన్ని మరిచిపోవడం, అవమానించినవాళ్ళకే ఎక్కువ సౌకర్యం.

పాయా లేబర్‌కు కూడా ఈ పరీక్ష రాబోతోంది. 2030ల నుంచి వైమానిక స్థావరాన్ని తరలించి, దాదాపు 800 హెక్టార్ల నేలను ఇళ్ళకూ పరిశ్రమలకూ ఇస్తామని సింగపూర్ ప్రభుత్వం 2013లోనే ప్రకటించింది. 2022లో ప్రధాని ఆ ప్రాంతంలో సుమారు లక్షా యాభై వేల ఇళ్ళు కట్టవచ్చన్నారు. ఆ కొత్త పట్టణానికీ, దాని వీధులకూ పేర్లు కావాలి. హౌగాంగ్, యీషున్‌ల అనుభవం ప్రకారం ఏ పేరు పెట్టినా నిలుస్తుంది, ఎందుకంటే వచ్చేవాళ్ళందరూ కొత్తవాళ్ళే. సరిగ్గా అందుకే అక్కడ బాధ్యత ఎక్కువ. అభ్యంతరపెట్టే నోళ్ళు లేని చోట పేరును సులభంగా చెరపవచ్చు.

ఇప్పుడు అమ్మ ఆ ప్రశ్న మళ్ళీ అడిగితే వెనకటిలా నవ్వి కొట్టిపారేయను. మలయ్‌లో ఆ మాటకు కూలీ అన్న అర్థం లేదని చెబుతాను. కాని ఈ ఊరికి మనవాళ్ళు కూలీలుగా కూడా వచ్చారనీ, అప్పుడు వాళ్ళను పిలిచిన మాటలో మన తీరం పేరే ఉండేదనీ, ఆ మాట ఉన్న వీధికి ఇప్పుడు వేరే పేరుందనీ చెబుతాను. తరవాతి సారి ఆమె వచ్చినప్పుడు చూలియా స్ట్రీట్‌కు తీసుకువెళ్ళి, బోర్డు కింద నిలబెట్టి, పాత పేరు పలికి వినిపిస్తాను.